గోడకు నోరొస్తే

గోడలకు చెవులుంటాయని చిన్నప్పుడు మా పెద్దమ్మ ఊరికే భయపెట్టేది. చిత్తూరులో వాళ్ల మిద్దె ఇంటికి, పక్కింటి వంటింటికి మధ్య ఒకటే గోడ. పెద్దనాన్న మీద కాస్త విసుక్కోవాలన్నా పెరట్లోకి పోయి, రుబ్బురోలు ముందు కూర్చుని విసుక్కునేది. రోటి చప్పుట్లో మాట కలిసిపోతుందని ఆవిడ నమ్మకం. అలాంటి మనిషిని తీసుకువెళ్లి, మాట్లాడే గోడ ముందు కూర్చోబెట్టాను నేను.

అది చంద్రగిరి కోట. తిరుపతికి పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు. రాజమహల్ ఎదుట సాయంత్రంపూట పర్యాటక సంస్థవాళ్లు సౌండ్ అండ్ లైట్ ప్రదర్శన వేసేవారు. కొండ మీద దర్శనం చేసుకుని దిగిన చుట్టాలందరినీ వెంటబెట్టుకుని వెళ్లాం. చలికాలం. దోమలు. ఒళ్లో ఉడకబెట్టిన చెనక్కాయల పొట్లం. ఉన్నట్టుండి దీపాలన్నీ ఆరిపోయాయి. ఎదురుగా మూడంతస్తుల మహల్ ముందు నీలంగా, తర్వాత ఎర్రగా, ఆ తర్వాత బంగారంలా వెలిగింది. ఎక్కడినుంచో గంభీరమైన గొంతు ఒకటి మొదలైంది. గుర్రాల డెక్కల చప్పుడు, కత్తుల చప్పుడు, జయజయధ్వానాలు.

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు పులకరించింది. చరిత్ర పుస్తకంలో కొట్టుకుపోయే పేర్లు ఆ చీకట్లో ఒక్కసారిగా మనుషులైపోయాయి. సాళువ నరసింహరాయలు, కృష్ణదేవరాయలు, ఆ తర్వాత చంద్రగిరిని రాజధాని చేసుకున్న ఆరవీటి రాజులు. 1639లో ఇంగ్లీషువాళ్లకు చెన్నపట్నం కోట కట్టుకోవడానికి జాగా ఇచ్చిన కాగితం ఈ రాజమహల్‌లోనే రాశారని చెప్పుకుంటారు. ఒక కలంపోటుతో ఎంత కథ నడిచిందో చూడండి! అదంతా వింటూ నేను మైమరచి కూర్చున్నాను.

ప్రదర్శన అయిపోయింది. అందరూ లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. మా పెద్దమ్మ మాత్రం లేవలేదు. పక్కకు చూస్తోంది.

"ఇంతమంది మొగోళ్లు అరిచినారు గదా, ఆ పక్కన రాణీమహల్ అని ఒకటుండాది గదా, దాంట్లో ఎవురూ లేరా ఏమి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ప్రదర్శనలో ప్రేమకథల ప్రస్తావన రాకపోలేదు. కానీ నా చెవిలో మిగిలినవన్నీ మీసాలున్న గొంతులే. తర్వాత తెలిసిన సంగతి ఇంకా తమాషాగా ఉంది. ఆ రెండంతస్తుల రాణీమహల్ అసలు రాణులది కాకపోవచ్చట! కింది భాగం గుర్రాలశాలలా ఉందని, ఎవరో సేనాపతి ఉండి ఉంటాడని తెలిసినవాళ్లు అంటారు. ఆడమనిషి పేరు పెట్టిన ఆ ఒక్క ఇల్లూ కూడా ఆడమనిషిది కాదన్నమాట.

అప్పటినుంచీ ఎక్కడ ఏ భవనం మీద బొమ్మలు ఆడించారని విన్నా, పెద్దమ్మ ప్రశ్నే నా చెవిలో మోగుతుంది. ఇప్పుడు ఆ ఆట ఊరూరా పెరిగిపోతోంది కాబట్టి, దాని గురించి నాలుగు మాటలు మాట్లాడుకోవాలనిపించింది.

ఈ విద్య పుట్టింది ఫ్రాన్సులో. 1952లో షాంబోర్ అనే పాత కోటను దీపాలతో, గొంతులతో 'మాట్లాడించారు'. మన దేశంలో 1965లో ఢిల్లీ ఎర్రకోటకు ఆ భాగ్యం పట్టింది. గోల్కొండలో అమితాబ్ బచ్చన్ గొంతు విని వచ్చినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. అప్పట్లో బొమ్మలుండేవి కావు. రంగుదీపాలు, మాటలు, సంగీతం, అంతే. మిగతాది మన ఊహకు వదిలేసేవారు. ఇప్పుడు దీపం స్థానంలోకి వీడియో వచ్చింది. గోడ మీదే ఏనుగులు నడుస్తాయి, కిటికీల్లోంచి నీళ్లు దూకుతాయి, స్తంభాలు కూలిపోయి మళ్లీ లేచి నిలబడతాయి.

అదెలా చేస్తారని నేను కుతూహలంగా అడిగి తెలుసుకున్నాను. వింటే మీకు నవ్వొస్తుంది, అచ్చం రవిక కుట్టడమే! ముందు భవనానికి కొలతలు తీస్తారు. కిటికీ ఎక్కడుంది, చూరు ఎంత ముందుకొచ్చింది, స్తంభం ఎంత గుండ్రం అన్నదంతా లేజరుతోనో ఫొటోలతోనో కొలిచి కంప్యూటరులో ఆ భవనాన్నే మళ్లీ కడతారు. బొమ్మను ఆ కొలతకు కత్తిరిస్తారు. చంకల దగ్గర సరిగా కోయకపోతే రవిక పట్టేసినట్టు, కిటికీ దగ్గర వేలెడు తేడా వస్తే మొత్తం ఆట పట్టేస్తుంది. బడిలో పాఠాలు చూపించే ప్రొజెక్టరు వెలుగు మూడు నాలుగు వేల ల్యూమెన్లుంటే, ఇలాంటి పనికి ఒక్కొక్కటి ఇరవై వేలు, ముప్పై వేలవి అరడజను కావాలి. ఒకదాని బొమ్మ అంచు మరొకదాని అంచు మీద పడుతుంది కదా, ఆ అతుకు కనపడకుండా కలపాలి. చెయ్యి తిరిగిన దర్జీలే చెయ్యగలరు. పెద్ద ఊళ్లలో కొన్ని వేడుకలకు వేసేవి చూశాను, రెడీమేడ్ రవికల్లా ఉంటాయి. ఆ బొమ్మకూ ఆ గోడకూ ఏ సంబంధమూ ఉండదు. ఏ గోడ మీదైనా వేసుకోవచ్చు, ఏ గోడకూ నప్పదు.

ఇంకో సంగతి నాకు భలే నచ్చింది. ప్రొజెక్టరుకు నలుపు వేయడం చేతకాదు. అది వేయగలిగింది వెలుగు మాత్రమే. బొమ్మలో కాటుక కావాలంటే, జడ కావాలంటే, ఆ నలుపు గోడే ఇవ్వాలి, రాత్రే ఇవ్వాలి. అందుకే చుట్టుపక్కల వీధిదీపాలు ఆర్పితే తప్ప ఈ ఆట సాగదు. నల్లరాతి గోడ వెలుగును మింగేస్తుంది. సున్నపు పూత గోడ చక్కగా పట్టుకుంటుంది. చంద్రగిరి రాజమహల్ రాయి, ఇటుక, సున్నంతో కట్టింది. కర్ర వాడలేదంటారు. ఆ లేత రంగు గోడ ఈ పనికే పుట్టినట్టుంటుంది. పైగా మేకు కొట్టక్కర్లేదు, రంగు పూయక్కర్లేదు. తెల్లారేసరికి గోడ మీద గీత కూడా మిగలదు. మన ఊళ్లలో గోడల మీద వేసే ఎన్నికల రాతలూ సినిమా వాల్‌పోస్టర్లూ తలుచుకుంటే ఈ ఒక్క గుణానికే దీనికి దండం పెట్టాలి.

తిరుపతి నడిబొడ్డున మాత్రం ఈ ఆట ఆడటం కష్టం. బ్రహ్మోత్సవాల రోజుల్లో ఒకసారి రాత్రి ఊళ్లోకి వచ్చి చూడండి. రోడ్ల పొడుగునా రంగుబల్బులతో కట్టిన దేవుళ్లు. శంఖం వెలిగి ఆరుతుంది, చక్రం తిరుగుతుంది, హనుమంతుడు గద ఎత్తి దించుతాడు. కొండ మీద గరుడసేవనాడు మాడవీధుల్లోకి వెళ్లలేనివాళ్ల కోసం పెద్ద పెద్ద తెరలు. మా ఊరికి వెలుగులో లోటులేదు. లోటున్నదల్లా చీకటికే.

అయినా తెర మీద వెలుగుతో కథ చెప్పడం మనకేమీ ఫారిన్ సరుకు కాదు. మా రాయలసీమలోనే నిమ్మలకుంటలో ఇప్పటికీ తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. గీరి, పలచన చేసిన తోలుకు రంగులద్ది, చిల్లులు పొడిచి, వెనకనుంచి దీపం పెడితే సీతమ్మ మెడలో నగలు నిప్పుకణికల్లా మెరుస్తాయి. మీరు గమనించారో లేదో, తోలుబొమ్మలాటలో తెర వెనక ఆ ఇంటి ఆడవాళ్లు కూడా ఉంటారు. బొమ్మను ఆడిస్తారు, పద్యం పాడతారు, మొగుడు పాత్రతో దెబ్బలాడతారు. రావణుడికి మగగొంతైతే మండోదరికి ఆడగొంతు. తాటాకుల తడిక మీద కట్టిన పంచెతెర ఆపాటి ఆలోచన చేసింది. కోట్ల ఖర్చుతో వేసే గోడతెరకు ఆపాటి ఆలోచన ఎందుకు లేకపోయిందో నాకు అర్థం కాదు.

మన తెలుగువాళ్లకు సంబంధించి ఈ మధ్య బాగా పేరొచ్చిన రెండు సందర్భాలు తీసుకుందాం.

2022 ఫిబ్రవరి 5న హైదరాబాదు దగ్గర ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజాచార్యుల విగ్రహాన్ని ప్రధానమంత్రి జాతికి అంకితం చేసినప్పుడు, ఆచార్యుల జీవితాన్ని ఈ త్రీడీ పద్ధతిలోనే వెలుగుబొమ్మలుగా చూపించారు. తిరుపతివాళ్లం కదా, రామానుజులంటే మాకు ఇంటి మనిషి. ఇక్కడ గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించినది ఆయనే అని, కొండ మీద కైంకర్యాలకు కట్టుబాట్లు పెట్టినది ఆయనే అని చెప్పుకుంటాం. టీవీలో ఆ ప్రదర్శన చూసినప్పుడు కళ్లు చెదిరాయి, కాదనను. కానీ చూస్తున్నంతసేపూ నాకు గుర్తొచ్చింది వేరే సంగతి. గురువు చెవిలో చెప్పిన మంత్రాన్ని రహస్యంగా దాచుకోకుండా, తిరుక్కోట్టియూరులో ఆయన గోపురమెక్కి అందరికీ వినిపించేలా అరిచి చెప్పాడని కథ. నాకు నరకం వచ్చినా ఫరవాలేదు, వీళ్లకు మోక్షం వస్తే చాలన్నాడట. భవనం మీదినుంచి జనంతో మాట్లాడటం అంటే అదీ! చెవుల్లో గుసగుసగా ఉండిపోయిన మాట వీధికి వచ్చింది. ఒక్క బల్బు లేదు, ఒక్క ప్రొజెక్టరు లేదు. చెప్పడానికి ఒక మాటుంది, చెబితే తనకు ముప్పుంది. ఆ రెండూ ఉన్నాయి కాబట్టే వెయ్యేళ్లైనా ఆ గోపురం మన కళ్లకు కట్టినట్టుంటుంది.

రెండోది బతుకమ్మ. 2021 అక్టోబరు 23న దుబాయిలో బుర్జ్ ఖలీఫా మీద తెలంగాణ జాగృతివాళ్లు బతుకమ్మను చూపించారు. ప్రపంచంలోకెల్లా ఎత్తైన భవనం, 828 మీటర్లు. నిక్కచ్చిగా చెప్పాలంటే అది ప్రొజెక్టరు బొమ్మ కాదు. ఆ భవనానికి ఒంటినిండా ఎల్ఈడీ దీపాలు పొదిగారు, భవనమే ఒక తెర. ఏదైతేనేం, ఆడవాళ్ల పండుగ, పొలం గట్టున పూసే తంగేడుపువ్వు, గునుగుపువ్వు, అంత ఎత్తున వెలిగాయి. మాది తెలంగాణ కాకపోయినా, మాకు బతుకమ్మ ఆట అలవాటు లేకపోయినా ఫోనులో ఆ వీడియో చూసి చప్పట్లు కొట్టాను. ఆ మర్నాడు తీరిగ్గా ఆలోచిస్తే ఒక అసంతృప్తి మొదలైంది.

బతుకమ్మ ఎంత ఉంటుంది? ఒక ఆడమనిషి రెండు చేతులతో ఎత్తుకుని, నెత్తిన పెట్టుకుని, చెరువుదాకా నడవగలిగినంత ఉంటుంది. దాన్ని నేల మీద పెట్టి చుట్టూ తిరుగుతారు. నడుము వంచి చప్పట్లు కొడతారు, ఒకరు అందిస్తే మిగతావాళ్లు అందుకుని పాడతారు. చూపంతా కిందికే, నేలకే, ఒకరి మొహాలొకరికే. బుర్జ్ ఖలీఫా మీది బతుకమ్మను చూడాలంటే మెడ నిక్కించి పైకి చూడాలి. ఆట లేదు, పాట అందుకోవడం లేదు. ఆడినవాళ్లంతా ప్రేక్షకులైపోయారు. మన కడప, రాయచోటి, రాజంపేట వైపునుంచి గల్ఫ్ దేశాల్లో ఇళ్లపనికి వెళ్లిన ఆడవాళ్లు ఎందరెందరో. పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి, ఇంకొకళ్ల పిల్లల్ని పెంచుతున్నవాళ్లు. ఆ ఎడారి దేశాల్లోని ఏదో ఒక గోడ మీద ఒక్క నిమిషం వాళ్ల మొహం కనిపించి ఉంటే? ఆ పూలకు ఇంకా వాసన వచ్చేదేమో.

అది జరగని పని, పిచ్చి ఊహ అంటారేమో. జరిగింది. మన దగ్గర కాదు.

క్షిస్టోఫ్ వొడిచ్కో అని పోలండ్‌లో 1943లో పుట్టిన కళాకారుడున్నాడు. భవనాల మీద బొమ్మలు వేయడమే ఆయన పని. 1998లో అమెరికాలో బోస్టన్ దగ్గర బంకర్ హిల్ స్మారకస్తంభం మీద ఆయన ఒక ప్రదర్శన చేశాడు. 221 అడుగుల రాతిస్తంభం, వాళ్ల స్వాతంత్ర్యయుద్ధానికి గుర్తు. ఆ చుట్టుపక్కల పేటలో హత్యలు ఎక్కువ. ఎవరు చంపారో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లుల చేత వొడిచ్కో మాట్లాడించాడు. ఆ మాటల్నీ మొహాల్నీ ఆ స్తంభం మీద వేశాడు. వీరులకు కట్టిన స్తంభం మూడు రాత్రులు అమ్మ అయిపోయి ఏడ్చింది.

ఆ తర్వాత 2001లో మెక్సికోలోని టిజువానా ఊళ్లో చేసింది ఇంకా సాహసం. ఆ ఊరు అమెరికా సరిహద్దు పక్కనే ఉంటుంది. పెద్ద పెద్ద కంపెనీలకు సామాన్లు బిగించి పంపే ఫ్యాక్టరీలు అక్కడ బోలెడు. పనిచేసేవాళ్లలో పల్లెలనుంచి వచ్చిన ఆడపిల్లలు ఎక్కువ. ఊరి సాంస్కృతిక కేంద్రంలో పెద్ద బంతిలాంటి గుండ్రటి కట్టడం ఉంది. ఆ అమ్మాయిల తలకు చిన్న కెమెరా, మైకు తగిలించారు. వాళ్లు కింద జనం మధ్యే నిలబడి మాట్లాడుతుంటే, అప్పటికప్పుడు ఆ మొహం బంతి నిండా పరుచుకుంది. ఫ్యాక్టరీలో పడ్డ బాధలు, ఇంట్లో తాగివచ్చి కొట్టినవాళ్లు, బయట ఎవరికీ చెప్పుకోలేని అఘాయిత్యాలు. పదిమందిలో ఎప్పుడూ గొంతెత్తని పిల్ల మొహం ఒక భవనమంత అయింది. గుండ్రటి గోడ కాబట్టి బొమ్మ అతికించినట్టు లేదు. ఆ కట్టడమే ఒక తలకాయ అయిపోయి మాట్లాడినట్టుంది. ఇందాక చెప్పానే, రవిక ఒంటికి అతికినట్టు కుదరడమంటే అది. కొలత ఒక్కటే కుదరడం కాదు, కథకూ గోడకూ కూడా కుదరాలి.

మన దేశపు ఆడమనిషీ ఒకావిడ ఈ పని చేసింది. నళినీ మలానీ 1946లో కరాచీలో పుట్టి, దేశ విభజనలో అమ్మానాన్నలతో ఇటు వచ్చిన చిత్రకారిణి. 2014లో ఎడిన్‌బరోలో స్కాట్లాండ్ జాతీయ చిత్రశాల బయటిగోడల మీద ఆవిడ వెలుగుబొమ్మలు ఆడాయి. యుద్ధాల్లో నలిగిపోయే ఆడవాళ్ల గోడు అది. విదేశీ చిత్రశాల గోడకు దక్కిన అదృష్టం మన గోడలకు ఎప్పుడు దక్కుతుందో!

ఈ టిజువానా కథను నేను మహోత్సాహంగా పెద్దమ్మకు చెప్పాను. ఆవిడ చింతపండు గింజలు తీస్తూ వింది. అంతా విని, "ఆ పిల్లోళ్లు మర్నాడు మళ్లా ఆ పనికే పోయింటారు గదా?" అంది.

"పోకేం చేస్తారు పెద్దమ్మా, పొట్ట గడవాలి కదా?"

"అట్లయితే వాళ్ల మొహాలు చూపించినోడు బాగనే ఉండాడు. వీళ్ల గతేమి? ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా?"

ఇది తీసిపారేసే మాట కాదు. రోటి చప్పుడు మాటున మొగుణ్ణి విసుక్కున్న మనిషి మాట. వీధిన పడటానికీ వీధిలో నిలబడి మాట్లాడటానికీ తేడా ఉందని మనం రాతల్లో రాస్తాం. చూసేవాళ్లకు ఆ తేడా తెలియాలి కదా! కళాకారుడికి పేరొస్తుంది. ప్రేక్షకులకు ఒక మంచి రాత్రి మిగులుతుంది. మొహం చూపిన అమ్మాయి మాత్రం ఆ మొహంతోనే ఇంటికి వెళ్లాలి. ఎంత గొప్ప ప్రదర్శనైనా ఆ లెక్క వేసుకోకపోతే అది ఆ పిల్లల కన్నీళ్లతో కట్టిన మరో బ్రహ్మోత్సవపు కటౌటే అవుతుంది.

మా తిరుపతి గంగజాతరలో ఈ లెక్క ఎప్పుడో వేశారు. ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాణ్ణి చంపడానికి గంగమ్మ పూటకో వేషం వేసుకుని ఊరంతా వెతుకుతుంది. చివరికి దొర వేషంలో వస్తే, తన దొరే వచ్చాడనుకుని వాడు బయటికి వస్తాడు. అప్పుడు తల నరుకుతుంది. ఇప్పటికీ ప్రతి మే నెలలో మగవాళ్లు చీరలు కట్టుకుని, జడలు వేసుకుని అమ్మవారి మొక్కు తీర్చుకుంటారు. ఒక ఆడదాని ఆక్రోశాన్ని ఊరు ఊరంతా తన ఒంటి మీద వేసుకుంటుందన్నమాట. ఫలానా ఇంటి పిల్ల అని ఎవరూ వేలెత్తి చూపరు. ఆఖరిరోజు రాత్రి తాతయ్యగుంట గుడి ముందర మట్టితో పెద్ద విశ్వరూపం చేస్తారు. ఎర్రటి నాలుక, గుడ్లురిమే కళ్లు. తెల్లవారుజామున దాని చెంప నరుకుతారు. ఆ మట్టి కోసం జనం తొక్కిసలాడతారు, చిటికెడు దొరికితే చాలని ఇంటికి తెచ్చుకుని దాచుకుంటారు. ఒక్క రాత్రి కోసం పుట్టి, తెల్లారేసరికి మాయమయ్యే మొహం. ప్రొజెక్టరు రాక ముందే ఆ సంగతి ఈ ఊరికి తెలుసు. ప్రొజెక్టరు బొమ్మలో మట్టి మిగలదు, అంతే తేడా.

వొడిచ్కో కూడా మరోచోట ఈ చిక్కుకు ఒక దారి చూశాడు. 1999లో హిరోషిమాలో, అణుబాంబుకు గుల్లయి నిలిచిన కట్టడం కింద నది గట్టు మీద ఆయన బొమ్మలు వేశాడు. బాంబు దాడినుంచి బతికి బయటపడ్డవాళ్ల మాటలు వినిపించాయి. కనిపించినవి మాత్రం చేతులు. ఒట్టి చేతులే! మాట్లాడుతూ వేళ్లు ముడుచుకోవడం, ఒకదాన్ని ఒకటి పట్టుకోవడం, ఒక కప్పును ఊరికే తిప్పుతూ ఉండటం. కింద నదిలో వాటి నీడలు. మొహం లేకపోయినా, అసలు లేకపోవడంవల్లనే, ఆ మాట అందరిదీ అయింది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. రెండేళ్ల కిందట ఒక సంస్థవాళ్లు తమ పాత భవనం గోడ మీద వేసే ఇరవై నిమిషాల ప్రదర్శనకు మాటలు రాసిపెట్టమని నన్ను అడిగారు. సంబరంగా ఒప్పుకున్నాను. కట్టించిన పెద్దల గురించి, వచ్చిన అతిథుల గురించి, అన్నీ రాశాను. మధ్యలో నాలుగు వాక్యాలు ఆ భవనం కట్టినప్పుడు సున్నం తట్టలు మోసిన ఆడకూలీల గురించి రాశాను. పిల్లను చెట్టుకు ఉయ్యాల కట్టి, పరంజా ఎక్కి దిగినవాళ్ల గురించి. అంత గొప్పగానేం రాయలేదు. నాలుగే వాక్యాలు.

"మేడమ్, చాలా బాగుంది. కానీ దీనికి విజువల్ లేదు" అన్నారు.

అంటే వాళ్ల ఫొటోలు లేవు. పెద్దలకు నూనెరంగుల పటాలున్నాయి, అతిథులకు గ్రూప్ ఫొటోలున్నాయి. తట్ట మోసినావిడకు ఏమీ లేదు. బొమ్మ లేనివాళ్లకు గోడ మీద చోటు లేదు. వాళ్లు మర్యాదగానే చెప్పారు, నేనూ మర్యాదగానే సరేనన్నాను. ఆ నాలుగు వాక్యాలూ కొట్టేశాను. చెక్కు పుచ్చుకున్నాను. ప్రదర్శన రోజు ముందువరసలో కూర్చోబెట్టి శాలువా కూడా కప్పారు. ఆ రాత్రి గోడ ఎంతో అందంగా వెలిగింది. పెద్దమ్మను మాత్రం వెంటబెట్టుకుని వెళ్లలేదు. ఏమడుగుతుందో నాకు తెలుసు.

విజువల్ లేదట! చిత్తూరు చుట్టుపక్కల మామిడిగుజ్జు ఫ్యాక్టరీలు ఎన్ని లేవు? సీజనులో తోతాపురి కాయల్ని కోసి కోసి, జీడి సొనకు వేళ్ల సందులు పుండ్లైపోయిన చేతులున్నాయి. కొండ మీద కల్యాణకట్టలో మన తలనీలాలు తీసే ఆడవాళ్ల చేతులున్నాయి. తెల్లవారుజామున పూలమార్కెట్టులో కళ్లు మూసుకునైనా మల్లెలు కట్టే చేతులున్నాయి. అవన్నీ రాణీమహల్ గోడ మీద, సున్నపు పూత మీద, మనిషి ఎత్తుకు నాలుగింతలై కదులుతుంటే ఎలా ఉంటుందో ఊహించండి. ఎవరి చేతులో చెప్పక్కర్లేదు. వెనకనుంచి వాళ్ల మాట వినిపిస్తే చాలు. చీకటి ఎలాగూ గోడే ఇస్తుంది.

మొన్న సంక్రాంతికి చిత్తూరు వెళ్లినప్పుడు ఈ సోదంతా విని, మా తమ్ముడి కొడుకు తన దగ్గరున్న చిన్న ప్రొజెక్టరు తెచ్చాడు. వాడు క్రికెట్ చూడటానికి కొనుక్కున్నది, అరచేతి కంటే కాస్త పెద్దది. పగలు పెద్దమ్మ చింతపండు గింజలు తీస్తుంటే ఆవిడకు తెలియకుండా వాడు ఫోనులో తీశాడు. రాత్రి పెరట్లో దీపం ఆర్పి, పక్కింటివాళ్లకూ మాకూ మధ్యనున్న ఆ గోడ మీద వేశాడు. సున్నం పెచ్చులూడిన చోట చెయ్యి కాస్త వంకర పోయింది. అయినా ఏం చేతులవి! కత్తిపీట మీద కాయ పెట్టడం, ఒక్క నొక్కు, గింజ పక్కకు, పండు ఇటు. గోడ నిండా అవే. పిల్లలు కేకలు పెట్టారు. బొమ్మకు మాట లేదు, కత్తిపీట చప్పుడే.

పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది:

"ఎడమచేతికి మూడే గాజులుండాయి చూడు. ముందే చెప్పుంటే నిండా వేసుకునిందును గదా."

కాసేపాగి మళ్లీ అంది, "ఇంగోసారి వెయ్యమను వాణ్ణి. ఉండు, పక్కింటామెను గూడా పిలుస్తా."